చీల, బంతి: రెండు గ్రీకు మాటల కథ

కొంతకాలము క్రిందట మా కేంద్రమునుండి ప్రసారమైన ఒక విజ్ఞాన ప్రసంగములో "భూమి స్ఫీనాయిడ్ ఆకృతి గలది" అను వాక్యము దొర్లినది. అచట ఉండవలసిన మాట స్ఫీరాయిడ్. టైపు చేయుటలో ఒక్క అక్షరము మారినది. చదివినవారు గమనింపలేదు, ప్రతిని ముందుగా చూచిన మేమును గమనింపలేదు. మూడవనాడు వైద్యవిద్యార్థి యైన ఒక శ్రోత ఉత్తరము వ్రాసిరి. స్ఫీనాయిడ్ అనునది మనుష్యుని తలలోని ఎముక యనియు, భూమి అట్టి రూపముననే ఉన్నచో దానిపై కాలు నిలుపుట కష్టమనియు దాని సారాంశము. తప్పు మాదే. దానిని దిద్దుకొనుటకై నిఘంటువులు తెరచిన మాకు ఆ రెండు మాటల వెనుక రెండు వేర్వేరు చరిత్రలు కనిపించినవి.

గ్రీకు భాషలో 'స్ఫేన్' అనగా చీల. ఒక కొన మందముగను, వేరొక కొన పలుచగను ఉండి, దుంగను చీల్చునపుడు నెఱ్ఱెలో నిలిపి సుత్తితో దిగగొట్టు ముక్క. ఇది వడ్రంగి మాట. క్రీ. శ. 2వ శతాబ్దపు వైద్యుడగు గాలెన్ నాటికే ఇది శరీరశాస్త్రమున చేరి, పుఱ్ఱె అడుగున ఇతర ఎముకల నడుమ ఇరికియున్న ఎముకకు పేరైనది. ఆ ఎముకను విడదీసి చూచినచో ఱెక్కలు చాచిన సీతాకోకచిలుక వలె ఉండును గాని చీలవలె ఉండదు. పేరు పెట్టినవారు దాని రూపమును గాక, అది బిగిసియున్న తీరును చూచిరని మా యూహ. దాని మీది చిన్న పల్లములోనే పిట్యూటరీ గ్రంథి కూర్చుండియుండును.

ఈ మాట పిమ్మట ఎక్కువగా ఎదుగలేదు. 1760లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బ్రిస్సన్ ఒక జాతి పెంగ్విన్ పక్షులకు 'చిన్న చీల' అను అర్థము వచ్చునట్లు స్ఫెనిస్కస్ అని పేరిడెను. 1801లో అవుయీ అను ఖనిజశాస్త్రజ్ఞుడు చీలవంటి స్ఫటికములు గల ఒక ఖనిజమును స్ఫీన్ అనెను. పాపము, అదే ఖనిజమునకు 1795లోనే క్లాప్రోత్ టైటనైట్ అని నామకరణము చేసియుండెను. 1982లో అంతర్జాతీయ ఖనిజశాస్త్రజ్ఞుల సంఘము టైటనైట్ నే ఖాయపరచినది. అయినను రత్నవర్తకులు స్ఫీన్ అను పేరును విడువలేదు.

రెండవ మాట చరిత్ర ఇంతకంటె విచిత్రమైనది. 'స్ఫైరా' అనగా ఆటబంతి. హోమరు ఒడిస్సీలో నౌసికా రాకుమారి చెలికత్తెలతో ఏటియొడ్డున బంతి యాడుచుండగా అది నీటిలో పడును. వారి కేకలకు ఒడిస్సియస్ మేలుకొనును. ఆ బంతియే క్రీ. పూ. 4వ శతాబ్దమునకు ఆకాశమున కెక్కినది. యూడాక్సస్ సూర్యచంద్రుల యొక్కయు, గ్రహనక్షత్రముల యొక్కయు గమనమును వివరించుటకు ఒకదానిలో నొకటి తిరుగు 27 గోళములను కల్పించెను. అరిస్టాటిల్ వానిని 55కు పెంచెను. యూరపు పండితులు శతాబ్దములపాటు ఆకాశము అట్టి గోళముల దొంతర యనియే నమ్మిరి. 1577లో ఒక తోకచుక్క కనిపించినది. టైకో బ్రాహీ దానిని కొలిచి, అది చంద్రునికంటె చాల దూరమున ఉన్నదని తేల్చెను. గోళములు గట్టివైనచో అది వానిని బ్రద్దలు కొట్టుకొనుచు పోవలసియుండును! గోళములు పోయినవి. మాట మాత్రము మిగిలినది.

నివాసము కోల్పోయిన ఆ మాటకు గాలి ఆశ్రయమిచ్చినది. గ్రీకున 'అట్మోస్' అనగా ఆవిరి. దానితో కలిసి 17వ శతాబ్దమున అట్మాస్ఫియర్ పుట్టినది. 1875లో స్యూస్ బయోస్ఫియర్ అనెను. ఫ్రాన్సులో టైస్రాంక్ ద బోర్ బెలూనుల నెగురవేసి, సుమారు 11 కిలోమీటర్ల పైన చలి పెరుగుట ఆగిపోవునని 1902లో ప్రకటించెను. స్ట్రాటోస్ఫియర్ అను పేరు పిమ్మట ఆయన పెట్టినదే.

రేడియో గల గృహములకు సన్నిహితమైనది అయానోస్ఫియర్. 1901లో మార్కోని సంకేతము అట్లాంటిక్ దాటగా, తిన్నగా పోవలసిన తరంగము భూమి వంపును ఎట్లు దాటెనని అందరు ఆశ్చర్యపడిరి. పైన విద్యుద్వాహకమైన పొర యుండవలెనని 1902లో కెనెల్లీ, హెవీసైడ్ వేర్వేరుగా ఊహించిరి. 1924లో ఆపిల్టన్ ప్రయోగముతో దానిని నిరూపించెను. 1947లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. పేరు 1926లో వాట్సన్-వాట్ సూచించినది. రాత్రివేళ దూరపు మీడియం వేవ్ కేంద్రములు వినవచ్చుటకు కారణమిదియే: పగలు తరంగములను మ్రింగు క్రింది పొర సూర్యాస్తమయముతో సన్నగిల్లును, పై పొర వానిని భూమికి త్రిప్పి పంపును.

మన పాఠ్యపుస్తకకర్తలు ఇచట 'గోళము'ను తీసికొనక వాతావరణము, జలావరణము, జీవావరణము అనిరి. ఇవి మాకు మూలపదములకంటె సరియైనవిగా తోచుచున్నవి. గాలి బంతి కాదు, భూమిపై కప్పిన కప్పు కదా!

గ్రీకు మాటలు మనకు దూరమనుకొనుటకును వీలులేదు. ఎద్దును పొడుచు ముల్లుకఱ్ఱను గ్రీకులు 'కెంట్రోన్' అనిరి. వృత్తము గీయునపుడు గ్రుచ్చి నిలుపు మొనకు, పిదప ఆ బిందువునకు అదే పేరైనది. జ్యోతిషముతోపాటు అది సంస్కృతమునకు వచ్చి 'కేంద్ర' మైనది. మేము పనిచేయు భవనము గుమ్మముపై వ్రాసియున్నదియు ఆ మాటయే.

తరువాతి వారము ప్రసంగమునకు ముందు సవరణ చదివితిమి: భూమి మధ్యరేఖ వద్ద 6,378 కిలోమీటర్లును, ధ్రువముల వద్ద 6,357 కిలోమీటర్లును వ్యాసార్ధము గల స్ఫీరాయిడ్. ఆ విద్యార్థి మరల జాబు వ్రాసిరి. ఈసారి ఉచ్చారణ బాగున్నదట.