నక్కవాగు నుంచి అంబర్‌పేట దాకా

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీని గులాబీ రంగు గ్రానైటుతో కట్టారు. హైదరాబాదు చుట్టుపక్కల ఎక్కడ బోరు వేసినా చివరికి తగిలేది ఆ జాతి రాయే. క్యాంపస్ దాటి తార్నాక మీదుగా హబ్సీగూడ వైపు వెళ్తే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), జాతీయ పోషకాహార సంస్థ, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వరసగా వస్తాయి. ఈ రాతి లోపల నీరెలా కదులుతుందో, ఆ నీటితో విషం ఎలా ప్రయాణిస్తుందో మనకు తెలిసినదానిలో చాలా భాగం ఈ రోడ్డు మీదే తేలింది. అయితే ఆ తెలివిడి ఎప్పుడూ విషం వెనకే నడిచింది. పొలాలు పాడయ్యాకే కొలతలు మొదలయ్యాయి.

భూమిలో నీటి నడకకు మొదటి లెక్క కట్టినవాడు ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ. 1856లో, దిజాన్ పట్టణంలో, ఇసుక గుండా నీటిని వడగట్టి కట్టిన సూత్రం అది. దక్కన్ రాతిలో నీరు ఇసుకలో పారినంత సమానంగా పారదు. ఇక్కడి రాతినీటిలో ఏం కరిగి ఉండగలదో తెలుగునేల ముందుగా తెలుసుకున్నది ఫ్యాక్టరీల వల్ల కాదు. 1937లో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు. అక్కడ ఫ్లోరైడు రాతిలోంచే వచ్చింది. రాతి సందుల్లో ఎక్కువ కాలం నిలిచిన నీరు తాకినదాన్నల్లా కరిగించుకుంటుందన్న పాఠం అప్పటికే మన కళ్లముందుంది. నలభై ఏళ్ల తర్వాత పరిశ్రమలకు స్థలాలు ఎంచినప్పుడు దాన్ని ఎవరూ గుర్తుచేసుకోలేదు.

1970ల నడుమ హైదరాబాదు శివారు పటాన్‌చెరులో, ఆ తర్వాత బొల్లారంలో పారిశ్రామికవాడలు వెలిశాయి. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు సొంతంగా బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టారు. మందుల తయారీ పద్ధతులు చాలావరకు తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాలయం, అంటే నేటి ఐఐసీటీ, అందించింది. దేశానికి చవకగా మందులు దొరికాయంటే ఆ కృషి వల్లే. ఆ గౌరవం దానికి దక్కాల్సిందే. కాని మందుల తయారీలో కిలో సరుకుకు పాతిక నుంచి వంద కిలోలకు పైగా వ్యర్థం మిగులుతుందని రోజర్ షెల్డన్ 1992లో లెక్క చెప్పాడు. అందులో సాల్వెంట్లు, లవణాలు, ఆమ్లాలు ఉంటాయి. పటాన్‌చెరులో అవి అడుగు పరచని గుంటల్లోకి, కుంటల్లోకి, నక్కవాగులోకి చేరాయి. వాగు వాటిని మంజీరలో కలిపింది.

వాగు రంగు మారడం, పశువులు చావడం, పైరు మాడడం ఊళ్లవాళ్లకు మొదటే తెలిసిపోయింది. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఈ పోరాటానికి గొంతునిచ్చిన డాక్టర్ అల్లాని కిషన్‌రావును ఆ ప్రాంతం మరచిపోదు. రైతులకు నష్టపరిహారం, పల్లెలకు మంచినీరు కోర్టు ఆదేశాలతోనే వచ్చాయి. తర్వాత కేసు హైకోర్టుకూ, అక్కడి నుంచి హరిత ట్రైబ్యునల్‌కూ వెళ్లింది. 1994లో ఫ్యాక్టరీల వ్యర్థజలానికి ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అందరూ చూసింది వాగును. బావి కింద జరుగుతున్నది కంటికి కనబడదు.

ఆ అడుగునున్నదాన్ని తీసి చూపింది ఎన్‌జీఆర్‌ఐ. గురునాథరావు, ఆయన సహచరులు నక్కవాగు పరీవాహకంలోని బావుల నీటిలో కరిగిన లవణాలను కొలిచి, ఆ కాలుష్యం ఏళ్ల తరబడి ఎటు జరుగుతుందో కంప్యూటర్ నమూనాతో లెక్కించారు. వాగు ఒడ్డున మేట వేసిన ఒండ్రులో నీరు గ్రానైటులో కంటే చాలా వేగంగా పారుతుంది. కాబట్టి వాగులో పడ్డ వ్యర్థం ఒండ్రు గుండా పక్క బావుల్లోకి దిగుతుంది. ఒడ్డున మోటార్లు పెట్టి తోడేకొద్దీ ఆ నీరే లోపలికి గుంజుకొస్తుంది. అదే సంస్థలో గోవిల్ బృందం పటాన్‌చెరు మట్టిలో, తర్వాత కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో భార లోహాలను కొలిచింది. లోహాల నడక వేరు. సీసం లాంటివి బంకమట్టికి అంటుకుని పైపొరలోనే ఉండిపోతాయి. ఆరు వేలెన్సీ క్రోమియం మాత్రం నీటితో దిగిపోతుంది, మూడు వేలెన్సీది మట్టిలోనే ఆగిపోతుంది. పేరొకటే అయినా రెంటి ప్రమాదం ఒకటి కాదు. మొత్తం క్రోమియం ఎంతో చెప్పి ఊరుకునే నివేదికలు సగం నిజమే చెబుతాయి.

1999లో మొదలైన భారత, ఫ్రెంచి భూగర్భజల కేంద్రం మహేశ్వరం దగ్గర బోర్లు వేసి ఈ రాతి పొరలను విడమరచింది. పైన పది పదిహేను మీటర్ల మొరం, దాని కింద అడ్డంగా చీలిన పగుళ్ల పొర, ఆ కింద దాదాపు నీరు దూరని రాయి. మొరం తడిగుడ్డలా నీటిని పట్టి ఉంచుతుంది. పగుళ్లు ఆ నీటిని పక్కకు నడిపిస్తాయి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇది: ఏళ్ల తరబడి పగుళ్లలో పారిన కలుషిత జలం మెల్లగా పక్క రాతి సూక్ష్మరంధ్రాల్లోకి ఇంకుతుంది. పైన కాలుష్యం ఆపేశాక ఆ రాయే దాన్ని తిరిగి పగుళ్లలోకి వదులుతుంది. ఫ్యాక్టరీ మూతపడిన నాటితో బావి బాగుపడదు. పైగా నీళ్లకోసం లోతుగా వేసిన ప్రతి బోరూ పై పొర నీటిని కింది పొరకు చేర్చే దారి అయింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. రోజులో పోతున్నది సుమారు 45 కిలోలు, స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడేంత. 2009లో అదే బృందం పల్లె బావుల్లోనూ మందులు కనిపెట్టింది. తుమ్ముకు వేసుకునే సెటిరిజిన్ ఆ ప్రాంతపు ఒక చెరువులో లీటరుకు మిల్లీగ్రాము దాటింది. అప్పటిదాకా లవణాలూ లోహాలే కొలిచాం కనుక అవే దొరికాయి. మందులకు లొంగని సూక్ష్మజీవులు అదే నీటిలో పెంపొందుతున్నాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 70.07 మార్కులు వేసి అతి కలుషితమైన జాబితాలో పెట్టింది.

ఆ కాలంలోనే శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల గొట్టంలో నగరపు మురుగు కాలువకు కలిపి అంబర్‌పేటకు తేవడం మొదలైంది. అంబర్‌పేట ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉంది. పటాన్‌చెరు పల్లెలకు దానివల్ల కొంత ఊరట కలిగింది, అందులో సందేహం లేదు. కానీ అంబర్‌పేటలోని మురుగు శుద్ధి కేంద్రాన్ని కట్టింది ఇళ్ల మురుగు కోసం. కరిగిన లవణాలను అది తీయలేదు. అక్కడి నీరు మూసీలో కలిసి పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు పారా గడ్డికీ వరికీ పారుతుంది. ఆ మళ్లలో ఇంకిన నీరు మళ్లీ ఇదే మొరంలోకి, ఇవే పగుళ్లలోకి దిగుతుంది. మూసీ వెంబడి బావులను ఏటా, లవణాలతో పాటు మందులకూ పరీక్షించి ఫలితాలను ఆ ఊళ్ల గోడల మీద తెలుగులో అంటించాలి. ఆ పని చేయగల ప్రయోగశాలలు తార్నాకలోనే ఉన్నాయి.