చాందా వలసపాలన నాటి చరిత్ర గ్రంథాలు
చంద్రపూర్‌ను ఆంగ్లేయులు చాందా అనేవారు. 1854లో నాగపూర్ రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమయ్యాక ఈ జిల్లా చరిత్ర ఎక్కువగా అధికారుల కలం నుంచే వెలువడింది. అలాంటి రచనల్లో ముఖ్యమైనది మేజర్ లూసీ స్మిత్ 1869 నాటి భూమిశిస్తు బందోబస్తు నివేదిక. 1909లో జిల్లా గెజిటీరు వచ్చింది. శిస్తు లెక్కల కోసం పుట్టినా, గోండు రాజుల కాలం గురించి వీటిని చదవక తప్పదు. అయితే పాలకుడి చూపును పాలితుడి చరిత్రగా పొరబడకూడదు. 1858లో కంపెనీపై తిరగబడిన మొలంపల్లి గోండు జమీందారు బాబూరావు షెడ్మాకే ప్రభుత్వం దృష్టిలో నేరస్థుడు, గోండులకు వీరుడు. అహేరి జమీందారిణి లక్ష్మీబాయి ఆయనను పట్టి అప్పగించింది. ఆ ఏడాది అక్టోబరు 21న చాందాలో ఉరితీశారు. 2009లో భారత తపాలా శాఖ ఆయన పేరిట స్మారక తపాలా బిళ్ల విడుదల చేసింది.