భోగిపళ్ళ సాయంత్రం
భోగినాటి సాయంత్రం పసిబిడ్డను పీటమీద కూర్చోబెట్టి, రేగిపళ్ళు, చెరకు ముక్కలు, నానిన శనగలు, బంతిరేకులు, చిల్లర నాణేలు కలిపి గుప్పిట పట్టి, తలచుట్టూ తిప్పి పోస్తారు. జుట్టులో చిక్కుకున్న రేగిపండును బిడ్డ తడుముకుంటుంటే ముత్తైదువలు హారతి పడతారు. ఇది దిష్టి తీయడమేనని చాలామంది అంటారు. పోసిన పళ్ళు చాలా ఇళ్ళలో తినరు కనుక ఆ మాట కాదనలేం. కానీ దిష్టికే అయితే ఉప్పూ మిరపకాయలూ చాలవా? పంట ఇంటికొచ్చిన వేళే, ఆ రుతువు ఇచ్చినవాటితోనే, పేరంటం పిలిచి మరీ ఎందుకు పోస్తారు? నా దృష్టిలో ఇది ముందుగా కృతజ్ఞత. 20వ శతాబ్ది తొలి దశకాల్లో మన దేశంలో పుట్టిన ప్రతి 5 మంది శిశువుల్లో సుమారు ఒకరు ఏడాది నిండకుండానే పోయేవారు. అలాంటి రోజుల్లో బిడ్డ మరో సంక్రాంతి చూడటం పంట చేతికందడమంత పెద్ద మాట. అందుకే తల్లి మొదటి గుప్పెడు పోశాక ఇరుగుపొరుగునూ పొయ్యమంటుంది. బిడ్డ బతికిన సంతోషం ఆ వీధి అందరిదీ.