చివరి ప్లేటు

ఆ కొబ్బరిమట్ట కాస్త లోపలికి తొయ్యండిరా, పొగంతా నా మీదికే వస్తోంది. ఆఁ, చాలు. ఇలా దగ్గరికి జరగండి. ఏరా పెద్దాడా, ఇందాకా ఫోన్లో ఎవరితోరా అంత తగువు? నేనేదో ఆఫీసు గొడవనుకున్నాను. తీరా చూస్తే పాటల ఆల్బం గురించి! మంచిదే. పాట కోసం తగువు పడుతున్నాడంటే వాడు పాట శ్రద్ధగా వింటున్నట్టే.

మీరూ వినండి, వీడు నాకు చెప్పిందే చెప్తాను. అమెరికాలో ఫ్లోరిడాలో చక్ షుల్డినర్ అని ఒక కుర్రాడు డెత్ అనే బ్యాండు పెట్టాడట. డెత్ మెటల్ అంటారే, గిటార్లూ డ్రమ్ములూ హోరెత్తిపోతుంటే గొంతు గర్జిస్తుంది, ఆ బాణీకి పునాది వేసినవాళ్ళలో అతనొకడు. 1987లో మొదటి ఆల్బం, స్క్రీమ్ బ్లడీ గోర్. ఏడోది 1998లో, ది సౌండ్ ఆఫ్ పర్సివరెన్స్. ఆ బ్యాండు పేరు మీద అదే ఆఖరు. మరుసటేడు మెదడులో కణితి బయటపడింది. వైద్యానికి డబ్బు చాలకపోతే అతని పాటలు వినేవాళ్ళూ తోటి బ్యాండులవాళ్ళూ కచేరీలు పెట్టి చందాలు పోగుచేశారు. 2001 డిసెంబరు 13న పోయాడు. 34 ఏళ్ళు.

వీడి స్నేహితుడు అనేదేంటంటే, ఆ ఆఖరి ఆల్బంలో గొంతు పాడైపోయిందని. మొదట్లో అడుగు నుంచి గర్జించినవాడు ఇందులో పైకెక్కి కీచుగా అరిచాడని. పాటల్లో మెలికలు ఎక్కువయ్యాయని, 1991 నాటి హ్యూమన్ దగ్గరో 1995 నాటి సింబాలిక్ దగ్గరో ఆగిపోతే బాగుండేదని. మనవాడేమో అదే అతని గొప్ప పని అంటాడు. చివర్లో జూడాస్ ప్రీస్ట్ అనే వేరే బ్యాండు పాట, పెయిన్‌కిల్లర్, తీసుకొచ్చి పాడాడట. అది అక్కడ ఉండాలా వద్దా అని మళ్ళీ ఇంకో తగువు. హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్ అనే బ్యాండు కూడా ఈ బాణీలోనే వాయిస్తుందట, 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ అని ఆల్బం తెచ్చారు. వీడికి ఈ పిచ్చి అక్కణ్ణించే అంటుకుంది.

చెవులకి ఆ డిప్పలు పెట్టి నాకూ వినిపించాడు. ఆ సంగీతం నాకు కొత్త. తగువు మాత్రం కొత్తది కాదురా అబ్బాయ్. అచ్చంగా ఇదే తగువు 1974లో మన సెంటర్లో, మైకుసెట్టు కొట్టు బల్ల మీద కూర్చుని విన్నాను.

నేనప్పుడు ఆ కొట్లో పనిచేసేవాణ్ణి. ఆహుజా ఆంప్లిఫైయరు, రెండు గొట్టాలు, ఒక ప్లేయరు, ఒక బ్యాటరీ. సామానంతా సైకిలు రిక్షాలో వేసుకుని ఆత్రేయపురం, కొత్తపేట, జొన్నాడ, ఎక్కడ పెళ్ళయితే అక్కడికి, ఎక్కడ తీర్థమైతే అక్కడికి. కొబ్బరిచెట్టు ఎక్కి గొట్టం కట్టడం నా పని. ఏ ఊళ్ళో కట్టినా మొదటి ప్లేటు ఘంటసాలదే ఉండాలి. పెళ్ళివారు అడగక్కర్లేదు, అది రివాజు.

ఆయన గురించి మీకు పాటలే తెలుసు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. విజయనగరంలో సంగీతం నేర్చుకునేటప్పుడు మధుకరం చేసుకుని, అంటే ఇంటింటికీ జోలె పట్టుకెళ్ళి, తిని చదువుకున్నాడు. గురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి. ఆ గురువు కొడుకు సంగీతరావుగారే తర్వాత మద్రాసులో ఏళ్ళ తరబడి ఘంటసాల పక్కన ఉండి స్వరం చూసుకున్నారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్ళాడు. పాతాళభైరవి, దేవదాసు, మాయాబజార్ మీకు చెప్పక్కర్లేదు. 1970లో పద్మశ్రీ. 1971లో అమెరికా, ఐరోపా తిరిగొచ్చాడు. 1972లో రవీంద్రభారతిలో కచేరీ మధ్యలో గుండెనొప్పి వచ్చింది. చక్కెర వ్యాధి అప్పటికే ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన మనసు భగవద్గీత మీదికి పోయింది. అది పూర్తిచేసి సినిమా పాటలు మానేద్దామనుకున్నాడని చెప్తారు.

అప్పటికే బయట మాటలు మొదలయ్యాయి. గొంతులో జీర వచ్చిందని, పైస్థాయికి వెళ్ళేటప్పుడు కష్టపడుతున్నాడని. బాలుగారు వచ్చి ఏడెనిమిదేళ్ళయింది. రామకృష్ణ వచ్చాడు. 1973లో భక్త తుకారాం వస్తే అందులో ఘంటసాలా ఉన్నాడు, రామకృష్ణా ఉన్నాడు. హాలు బయట టీకొట్టు దగ్గర జనం ఇద్దరినీ పక్కపక్కన పెట్టి తూచేవారు. నాకు ఒళ్ళు మండేది. జబ్బుచేసిన మనిషి పాడుతుంటే, ఇరవై ఏళ్ళ కిందటి గొంతు తెమ్మని అడగడమేంటి?

1974 ఫిబ్రవరి 11న పోయాడు. 51 ఏళ్ళు. రేడియోలో చెప్పగానే మా షావుకారు కొట్టు తలుపులు దగ్గరగా వేశాడు. గీత ప్లేటు జనం చేతికి వచ్చేసరికి పాడినాయన లేడు.

మా కొట్టుకి ఆ హెచ్.ఎం.వి. ఎల్పీ రాజమండ్రి నుంచి వచ్చింది. అంతకుముందు మా దగ్గర ఎక్కువగా 78 స్పీడు ప్లేట్లు. ఒక వైపు తిరిగేది మూడు నిమిషాలు, పుష్పవిలాపం లాంటివి కూడా ఆ కాస్త జాగాలోనే ఒదగాలి. ఎల్పీ అలా కాదు, ముల్లు పెడితే ఇరవై నిమిషాల పైనే. మల్లుగుడ్డతో ప్లేటు తుడిచి, ముల్లు మెల్లగా దింపాను. సాయంత్రం అరటి గెలల లారీలు వెళ్ళిపోయిన వేళ. బల్ల మీద ముగ్గురు. ఒకాయన అరటి వ్యాపారి. ఒకాయన బడి మేష్టారు. మూడో ఆయన నాటకాలకి హార్మోనీ వాయించేవాడు.

మొదటి వైపు అయిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. రెండో వైపు తిప్పాను. అదీ అయిపోయాక అరటి వ్యాపారి అన్నాడు, "ఇది మన ఘంటసాల కాదండి. ఆ ఖంగుమనే గొంతు ఏదండి?" ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. కోపంతో అన్న మాట కాదు. ఆయన పెళ్ళికి, ఆయన పిల్లల బారసాలకి గొట్టంలో మోగిన గొంతు అది. అదే కావాలి ఆయనకి.

హార్మోనీ ఆయన పేచీ వేరే. ఆ రోజుల్లో కృష్ణుడంటే మనవాళ్ళకి తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడే. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి. రాత్రంతా కురుక్షేత్రం ఆడితే, పద్యం చివర రాగం తీసి తీసి వదిలితే వన్స్‌మోర్ పడాలి. లేకపోతే అది పద్యమే కాదు. ఆ చెవులతో విన్నాడాయన. "శ్లోకం ఇలా ఎత్తుకుని అలా వదిలేశాడేంటండీ? కృష్ణుడు నోరు విప్పితే రాగం ఇంత పొడుగుండాలి. పైగా ప్రతి శ్లోకానికీ మధ్యలో వచనం. అప్పుడే పట్టుకున్న శ్రుతి చెదిరిపోతోంది" అన్నాడు.

అక్కడ మేష్టారు పట్టుకున్నారు. ఆయన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, మాటకి మాట కాకపోయినా సారం చెప్తాను. ఘంటసాల సినిమాల్లో పద్యానికి చేసిందే అది కదా అన్నారు. స్టేజీ మీద మైకు లేని కాలంలో వెనక వరసకి వినపడాలని సాగదీసిన రాగాన్ని ఈయన తగ్గించాడు. మాట ముందుకొచ్చింది, రాగం మాట వెనకాల నడిచింది. గీతలో దాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. అనుష్టుప్ శ్లోకం, పాదానికి ఎనిమిదే అక్షరాలు. ఆ ఎనిమిదిలో ఒత్తులూ సంయుక్తాక్షరాలూ ఒక్కటి నలగకుండా పలకాలి. పలికాడు. తాత్పర్యం ఎవరో ఇంకొకరి చేత చదివించలేదు. శ్లోకం పాడిన నోటితోనే తెలుగులో చెప్పాడు, పక్కన కూర్చుని చెప్తున్నట్టు. అరటి కొట్లో కూలీకి సంస్కృతం రాదు, వాడికీ అందాలి కదా?

హార్మోనీ ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సిన పనీ లేదు. ఆయన చెవి ఆయనది. మళ్ళీ వెయ్యమన్నాడు మాత్రం. పదకొండో అధ్యాయం దగ్గరికి రాగానే చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నాడు. అక్కడ ఛందస్సు మారుతుంది, పాదానికి పదకొండు అక్షరాలవుతాయి. విశ్వరూపం చూసిన అర్జునుడు వణికిపోతూ మాట్లాడే చోటు. ఘంటసాల అక్కడ గొంతు పెంచాడు. అంతవరకూ దాచిపెట్టుకున్న బలమంతా అక్కడ ఖర్చుపెట్టాడు. జీర వినపడింది. ఆ జీర అర్జునుడి భయంలా వినపడింది. హార్మోనీ ఆయన తొడ మీద వేళ్ళు కదుపుతూ స్వరాలు వెతుక్కున్నాడు. మళ్ళీ వచనం దగ్గర మొహం చిట్లించాడనుకోండి.

నేను మేష్టారి పక్షం. ఒంట్లో బలం తగ్గిన గాయకుడు, ఉన్న బలాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టాడు. నిండు గొంతుతో 1957లో పాడి ఉంటే ఆ గీత ఇంకోలా ఉండేది, ఇంత దగ్గరగా ఉండేది కాదు.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. ఆ ప్లేటు మీద జనం అభిప్రాయాలు చెప్పుకోవడం కొన్నాళ్ళకి ఆగిపోయింది. ఎందుకో తెలుసా? క్యాసెట్టు. ఎల్పీ ఇంటి దగ్గరే తిరగాలి. బండి కదిలితే ముల్లు ఎగిరిపడుతుంది. క్యాసెట్టు అలా కాదు, రిక్షా మీద వేసినా, ట్రాక్టరు మీద వేసినా పాడుతుంది. ఎవరైనా పోతే ఇంటి దగ్గర గీత, గౌతమి రేవు దాకా గీత, పెద్దకర్మనాడు గీత. రెండో అధ్యాయంలో పుట్టినవాడికి చావు తప్పదనీ, ఆత్మని ఆయుధాలు నరకలేవనీ ఉంటుంది కాబట్టి శోకంలో ఉన్నవాళ్ళకి ఊరట. అది కాదనను. నేనే ఎన్ని ఇళ్ళ ముందు గొట్టం కట్టానో. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన తల్లి ఆ గొంతు విని తలెత్తి చూసిన సంగతి నేను కళ్ళారా చూశాను.

కానీ దాంతో ఇంట్లో వినడం పోయింది. పొద్దున్నే ఆ శ్లోకం వినపడితే వీధిలోవాళ్ళు "ఎవరు పోయారండీ?" అంటూ వచ్చేవారు. మీ నానమ్మే, సంధ్యవేళ ఆ క్యాసెట్టు పెట్టొద్దని నా చేతిలోంచి లాక్కుంది. ఏడువందల శ్లోకాల గీతలో కొన్నింటిని ఏరి, యుద్ధం మానేస్తానన్న మనిషిని లేపి నిలబెట్టే కథగా పాడాడాయన. బతికి పనిచెయ్యమని చెప్పే పుస్తకం అది. మూడో అధ్యాయమంతా పని గురించే. దాన్ని పాడె వెనకాలకి పరిమితం చేసేశాం. పోనీ అక్కడైనా వింటామా? చెప్పులు వెతుక్కుంటూ, సెల్లు మాట్లాడుకుంటూ. ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి అడగండి, ఘంటసాల గీతలో ఏ శ్లోకం బాగా పాడాడ్రా అని. శవం దగ్గర వేసేది కదా తాతా అంటాడు. మంచీ చెప్పడు, చెడ్డా చెప్పడు. మా అరటి వ్యాపారి నయం, గొంతు పోయిందని కన్నీళ్ళు పెట్టుకున్నాడు, అంటే విన్నాడు.

అందుకే వీడి తగువు నాకు ముచ్చటేసింది. పాతికేళ్ళు దాటిన ఆల్బంని మూడో పాట ఇలా, నాలుగో పాట అలా అని పట్టి పట్టి వింటున్నారు. పెద్దాడా, ఇంకోటి కూడా చెప్పావు కదా నువ్వు, నాకు బాగా నచ్చింది. ఆ చక్ అనే అతను ఆ ఆఖరి ఆల్బం అయ్యాక కంట్రోల్ డినైడ్ అని వేరే బ్యాండుతో 1999లో ఇంకోటి చేసి, అందులో పాడటం టిమ్ ఏమర్ అనే అతనికి అప్పగించి, తాను గిటారు పట్టుకు కూర్చున్నాడని. చూశావా, తన గొంతు ఎంతవరకో, ఎక్కడ దించాలో తెలిసినవాడే. అలాంటివాడు 1998లో గొంతు పైకెత్తాడంటే చేతకాక కాదు, అక్కడ అదే కావాలనుకున్నాడు. నీ స్నేహితుడికి ఈ మాట చెప్పు. ఒప్పుకోకపోతే పోనీ, మా హార్మోనీ ఆయనలాగా ఇంకోసారి వెయ్యమను, చాలు.

పెయిన్‌కిల్లర్ సంగతి మాత్రం నేను నీ స్నేహితుడి పక్షమేరా. తన పాటలన్నీ అయ్యాక చివర్లో ఇంకొకరి పాట ఎందుకు? నీ మాట నువ్వు చెప్పేశావు, లేచి వెళ్ళిపోవాలి. ఏంటి, నవ్వుతావు? సరే, రేపు మళ్ళీ వినిపించు, ఈసారి మొదట్నించీ, మధ్యలో ఆపకుండా. అదయ్యాక నీ ఫోన్లోనే గీత వెయ్యి, పదకొండో అధ్యాయం. పొద్దున్న కాఫీల వేళ, మన అరుగు మీద, వీధిలోకి వినపడేలాగే. పక్కింటి పిన్ని కంగారుగా వస్తుంది. వస్తే లోపల్నుంచి ఇంకో కుర్చీ తెచ్చి వెయ్యి.