అచ్చు అసలుదే, నోటు దొంగది

1925 డిసెంబరు మొదటి వారం. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో అంగోలా ఇ మెట్రోపోలె అనే కొత్త బ్యాంకు శాఖను అధికారులు సోదా చేశారు. దొంగనోట్లు మారుస్తున్నారని అనుమానం. ఖజానాలో వాస్కోడగామా బొమ్మ ఉన్న 500 ఎస్కుడోల నోట్లు కట్టలకొద్దీ దొరికాయి. బ్యాంక్ ఆఫ్ పోర్చుగల్ నిపుణుడు పరీక్షించి, అన్నీ మంచి నోట్లేనన్నాడు. ఇక చేసేదేమీ లేదనుకునేసరికి, నంబర్లు పోల్చి చూస్తే ఒకే నంబరుతో రెండు నోట్లు బయటపడ్డాయి. వెతికినకొద్దీ మరికొన్ని జతలు!

జతలో ఏది దొంగదో మాత్రం ఎవరూ తేల్చలేకపోయారు. తేల్చడానికి రెండింటికీ తేడా ఉంటే కదా! రెండూ లండన్‌లోని వాటర్లో అండ్ సన్స్ ముద్రణాలయంలో, అసలు అచ్చుపలకల మీదే తయారయ్యాయి. నిజాం ప్రభుత్వపు ఉస్మానియా సిక్కా నోట్లు ముద్రించిందీ ఈ కంపెనీయే.

దీని వెనకున్న మనిషి ఆర్తూర్ అల్వెస్ రెయిస్. అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. లేని ఆక్స్‌ఫర్డ్ డిగ్రీ పట్టా సృష్టించుకుని అప్పటి పోర్చుగీసు వలస అంగోలాలో ఇంజినీరు ఉద్యోగం చేసిన ఘనుడు. 1924లో మోసం కేసులో జైల్లో ఉండగా పథకం వేశాడు. ఇతను నోటు జోలికి పోలేదు, నోటు అచ్చు వేయించే ఒప్పందాన్నే దొంగది తయారుచేశాడు. దాని మీద పడిన నోటరీ, కాన్సులేట్ల ముద్రలు మాత్రం అసలైనవే. అంగోలాకు రహస్యంగా అప్పు ఇవ్వాలని, అక్కడికి చేరాక నోట్ల మీద ‘అంగోలా’ అని వేస్తారని, కాబట్టి పాత నంబర్లే మళ్లీ వాడినా ఇబ్బంది లేదని కంపెనీ అధిపతి సర్ విలియం వాటర్లోను రెయిస్ మనుషులు నమ్మించారు. మొదట 2,00,000 నోట్లు, ఆ తర్వాత 3,80,000. ఆ డబ్బుతోనే రెయిస్ సొంత బ్యాంకు పెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. బ్యాంక్ ఆఫ్ పోర్చుగల్ వాటాలు కొనడం మొదలుపెట్టాడు. ఆ బ్యాంకే చేతికొస్తే ఫిర్యాదు చేసేవాడే ఉండడు. ఇంత బరితెగింపు ఆర్థిక నేరాల చరిత్రలో నాకు మరోచోట కనబడలేదు.

గుట్టు రట్టయ్యాక ఆ రకం 500 నోట్లన్నింటినీ బ్యాంకు రద్దుచేసింది. తేడా తెలియదు గనక, గడువులోగా తెచ్చినవాళ్లకు రెయిస్ నోట్లకు కూడా మంచి నోట్లే ఇచ్చింది. ఆ తర్వాత వాటర్లో కంపెనీ మీద లండన్‌లో దావా వేసింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది. బ్యాంకుకు పోయిందెంత?

పోర్చుగల్ నోటుకు బదులుగా బంగారం ఇచ్చే పద్ధతి అప్పటికి ఎప్పుడో ఆగిపోయింది. బ్యాంకు కాగితం తీసుకుని కాగితమే ఇచ్చింది కనుక, కొత్త నోట్ల ముద్రణ ఖర్చు చెల్లిస్తే చాలని కంపెనీ వాదన. అది 9 వేల పౌండ్లకు లోపే. మా సంతకంతో బయటికి వెళ్లిన ప్రతి నోటూ మా పరపతి మీద పడే అప్పేనంది బ్యాంకు. కింది కోర్టు 5 లక్షల పౌండ్లకు పైగా ఇమ్మంది, అప్పీలు కోర్టు 3 లక్షలకు తగ్గించింది. 1932లో, అప్పట్లో బ్రిటన్ తుది అప్పీలు న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) 3–2 మెజారిటీతో 6,10,392 పౌండ్లు చెల్లించమంది.

విభేదించిన లార్డ్ రసెల్, లార్డ్ వారింగ్టన్ ముద్రణ ఖర్చు దగ్గరే ఆగారు. పైకి వాళ్ల లెక్కే సబబుగా కనిపిస్తుంది, కానీ నేను మెజారిటీ వైపే. కాగితం, సిరా, అచ్చుపలక ఎంత అసలైనవైనా, విడుదల చేసే హక్కున్న సంస్థ బయటపెట్టేదాకా అది డబ్బు కాదు. ఆ సంస్థ దాన్ని ఒప్పుకుని చెల్లించిన క్షణం నుంచి, దొంగది కూడా దాని నెత్తిమీది బాకీయే.

హైదరాబాదుకూ ఇలాంటి ఉదంతం ఒకటుంది. నిజాం ప్రభుత్వం కోసం లండన్‌లో అచ్చయిన, ఇంకా సంతకం పడని నోట్లు 1922లో ‘ఈజిప్ట్’ ఓడతో పాటు ఫ్రాన్స్ తీరానికి దగ్గర్లో మునిగిపోయాయి. పదేళ్ల తర్వాత ఓడలోని బంగారంతో పాటు కొన్ని పైకి వచ్చాయి. అవి దొంగవి కావు, డబ్బూ కావు.

రెయిస్‌కు 1930లో 20 ఏళ్ల శిక్ష పడింది. 1945లో విడుదలై 1955లో చనిపోయాడు. లండన్ మేయరు పదవి కూడా చేసిన సర్ విలియం వాటర్లో ప్రభువుల సభ తీర్పు రాకముందే, 1931లో కన్నుమూశాడు.