ఉప్పు మోసిన దారులు

నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి నుంచి కాశీకో షిర్డీకో బస్సు వేస్తే సీట్లు ఇట్టే నిండుతాయి. జైసల్మేర్ అన్నా, లడాఖ్ అన్నా పెద్దమనుషులు నా ముఖం వంక చూస్తారు. "ఇసుకల ఏమున్నది సారూ? ఆ మంచుకొండల గుడి గూడ లేదాయె" అంటారు. యాత్రలు నడపడమే నా బతుకు. అందులోనూ నీడ లేని ఎడారులు, చెట్టు మొలవని కొండలంటే నాకు ప్రాణం. ఆ ఇష్టం నాకు నేను పుట్టిన తాండాలోనే అబ్బింది.

మా లంబాడీల పాత వృత్తి లదేణి. ఎద్దుల వీపున సరుకు వేసి సముద్రపు ఒడ్డు నుంచి దక్కను నడిబొడ్డుకు చేరవేయడం. బండి ఉండదు. వీపుకు అటొక గోనె, ఇటొక గోనె వేలాడాలి, రెండూ సరితూగాలి. ఒక పక్క బరువెక్కితే ఎద్దు వీపు పుండు పడుతుంది, ఇక దాని పని అయిపోయినట్టే. ముందు నడిచే ఎద్దుకు గవ్వలు, అద్దాలు, గంటలు కట్టేవాళ్లు. మంద మొత్తం ఆ గంటల వెంటే కదిలేది. బండికైతే బాట కావాలి. ఎద్దు వాగులో దిగుతుంది, గుట్టెక్కుతుంది, అడవిలో దూరిపోతుంది. మేతకు పైసా ఖర్చు లేదు, దారి పొడుగునా మేసుకుంటూ పోవడమే. అందుకే నడక నిదానం, రోజుకు ఆరేడు మైళ్లు. తొందర లేని సరుకును, ముఖ్యంగా ధాన్యాన్ని, ఉప్పును అంత చౌకగా మోసేవాళ్లు దేశంలో మరొకరు లేరు.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడికి ఉత్తరాదిన ఒక తాండా ఎదురైంది. 14,000 ఎద్దులు, అన్నిటి మీదా ధాన్యమేనని రాసుకున్నాడు. గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కూడా 10,000, 12,000 ఎద్దుల బిడారులను చూశాడు. ఇరుకు దారిలో అలాంటి మంద ఎదురైతే అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. మొగలు సేనలు దక్కను మీదికి వచ్చినా, తర్వాత కంపెనీ సేనలు టిప్పు మీదికి పోయినా, వాటికి తిండిగింజలు మోసింది మావాళ్లే. షాజహాను మంత్రి ఆసఫ్ ఖాన్ మా నాయకులు భంగీ, జంగీలకు దారిలో నీళ్లూ గడ్డీ వాడుకునే హక్కు రాగిరేకు మీద బంగారు అక్షరాలతో రాసిచ్చాడని మా పెద్దలు చెప్పుకొంటారు.

మా మూలం మార్వాడ అని కూడా వాళ్లే చెబుతారు. ఒకసారి జైసల్మేర్ దాటాక ఒక పల్లె దగ్గర బస్సు ఆపాను. మా వైపు తాండా అవ్వ ఒకామె దిగీదిగగానే అక్కడి ఆడమనిషి రవిక మీది అద్దాలు వేలితో తడిమి, "మన కాంచళి గదా బిడ్డా ఇది" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఇసుకలోనే కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు.

లడాఖ్‌లో నాకు అంతకన్నా ఇష్టమైన చోటు త్సోకర్. 4,500 మీటర్లకు పైన ఉన్న ఉప్పు సరస్సు. ఒడ్డంతా ఉప్పు పేరుకుని తెల్లగా ఉంటుంది. చాంగ్‌పా కాపరులు ఆ ఉప్పును చిన్న చిన్న సంచులకెత్తి గొర్రెల వీపున వేసి, కనుమలు దాటించి, ధాన్యానికి మార్చుకునేవాళ్లు. అక్కడా బండి లేదు, మేత దారిలోనే. మా లదేణే అది, ఎద్దుకు బదులు గొర్రె. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి ఆ బోడి కొండలు నాకు పరాయి చోటు అనిపించలేదు.

లదేణిని రైలు మింగింది. 1874లో వాడి జంక్షన్ నుంచి హైదరాబాదుకు పట్టాలు పడ్డాయి. మరో పాతికేళ్లకు గోదావరి లోయ రైలు కామారెడ్డి మీదుగా మన్మాడు వైపు సాగింది. ఉప్పు గోనె వ్యాగనెక్కింది. అంతకుముందే బ్రిటిషు ఇలాకాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మావాళ్లలో ఎన్నో గుంపుల పేర్లు ఎక్కించారు. దారి నడవడమే బతుకైన జాతికి దారి నడవడమే నేరమైంది. మావాళ్లు ఎద్దులు అమ్ముకుని అడవి అంచుల్లో గుడిసెలు వేసుకున్నారు. 1922లో పూర్తయిన పోచారం చెరువు చుట్టుపక్కల ఇప్పుడు మక్కలు, వరి పండిస్తున్నది వాళ్ల మనుమలూ మునిమనుమలే.

ఆ మనుమల్లో ఎందరో మళ్లీ ఎడారి చూశారు, గల్ఫ్‌లో. అప్పు చేసి, ఏజెంటుకు లక్షలు పోసి వెళ్లి, ఒంటెలూ మేకలూ కాస్తూ ఏళ్లు గడిపినవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. జైసల్మేర్ రమ్మని వాళ్లను నేను అడగను. ఎడారి అంటే ఏమిటో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు.

కొండ సంగతి వేరు. సిరికొండ మండలం పాకాల నుంచి వచ్చిన లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదివింది. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడాఖ్‌లో శిక్షణ తీసుకుంది. నేపాల్ వైపు పదహారేళ్లు నిండనివాళ్లను ఎక్కనివ్వరు. అందుకని టిబెట్ వైపు ఉత్తర దారిన, ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్‌తో కలిసి, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగు నిండలేదు. 2022లో అమెరికాలోని దెనాలి కూడా ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. కూలి ఇంటి పిల్ల చేసిన అద్భుతం అన్నారందరూ. నిజమే. దారే ఇల్లుగా బతికిన జాతి పిల్ల కూడానని నేను కలుపుతాను.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి స్టేషనుకు పోతూ తాడ్వాయి దగ్గర మైకు తీసుకుని ఈ సంగతులన్నీ చెబుతాను. "ఆ పిల్ల ఎక్కిన కొండ దాంక మమ్ముల తీస్కపోతవా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. టిబెట్ నా చేతిలో లేదు. ఆమె చలికి ఒళ్లు అలవాటు చేసుకున్న లడాఖ్ దాకా మాత్రం తీసుకుపోతాను. ఎండకాలం సెలవుల్లో బయల్దేరదాం, స్వెట్టర్లు తెచ్చుకోండని చెబుతాను.