బరువు తగ్గుదల ఎందుకు ఆగుతుంది? – చారిత్రక పరిశీలన

అమలాపురంలో అన్నం తగ్గించి, రోజూ కాలువగట్టున నడిచేవారి బరువు కొన్ని నెలలు తగ్గి, ఆపై నిలిచిపోవడం మీరు గమనించే ఉంటారు. దీనిని పట్టుదల లోపంగా భావించరాదు.

కోస్తా ఆంధ్ర 1832-33లో ఘోర కరవును చూసింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే కోనసీమకు కాలువ నీరు, వరిపంట స్థిరపడ్డాయి. అంటే ఇక్కడ అన్నానికి భరోసా ఏర్పడి రెండు శతాబ్దాలు కూడా కాలేదు. కొరతను తట్టుకునే శరీర స్వభావం అంతకంటే ఎంతో పాతది.

ఈ స్వభావాన్ని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ 1944-45లో కొలిచారు. 36 మంది యువకులు స్వచ్ఛందంగా 24 వారాలు సుమారు సగం ఆహారంతో గడుపుతూ, వారానికి 35 కిలోమీటర్లు నడిచారు. బరువు నాలుగో వంతు తగ్గింది. విశ్రాంతిలో శరీరం ఖర్చుచేసే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. నీరసం, దిగులు, తిండి ధ్యాస వారిని వేధించాయి.

దీనినిబట్టి మీరు గ్రహించవలసినది ఇది: చిక్కిన శరీరానికి తక్కువ శక్తి చాలు, పైగా అది పొదుపూ చేస్తుంది. అందువల్ల మొదట లోటుగా ఉన్న ఆహారమే తరవాత సరిపోతుంది. అప్పుడు చేయవలసింది పస్తులుండటం కాదు. మారిన శరీరానికి తగినట్లు ఆహారాన్ని, శ్రమను తిరిగి లెక్కించుకోవడం.